మిగిలిన కూర ఎవరి కంచంలోకి?

పోపులో మెంతులు మాడిన వాసన మీకు తెలుసు కదా, ఒకసారి ఇంట్లో పట్టుకుందంటే కర్టెన్లకీ ఆరేసిన బట్టలకీ జుట్టుకీ పట్టి మర్నాటిదాకా వదలదు. పోయిన గురువారం రాత్రి ఎనిమిదింపావుకి మియాపూర్‌లో మా ఫ్లాట్ నిండా అదే వాసన. స్టవ్ ముందు నేను గరిటె పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను, వెనకనుంచి మా అమ్మ "ముందు స్టవ్ కట్టెయ్యరా నాన్నా" అంటోంది, మా అమ్మాయి కిటికీలు తెరుస్తూ దగ్గుతూ మధ్యలో నవ్వుతోంది, మా ఆవిడేమో బ్యాంకులో ఆడిట్ అని ఇంకా రాలేదు. అంతకి అరగంట ముందే నేను చాలా ఘనంగా చెప్పాను, ఈ రాత్రికి ఫోన్లో ఆర్డర్లు లేవు, కూరలు తరిగేదీ లేదు, ఫ్రిజ్‌లో ఏం ఉంటే వాటితోనే నలుగురికీ భోజనం, వంట మొత్తం నాదే, ఎవరూ వేలు పెట్టొద్దు అని.

అలా ఎందుకు అన్నానంటే దాని ముందురోజు మధ్యాహ్నం సంగతి చెప్పాలి. నాకు ఇంటి నుంచే పని. ఒంటిగంట కాల్ ఏదో పదినిమిషాలు ముందే అయిపోయింది, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే అమ్మ గట్టు పక్కన నిలబడి అన్నం తింటోంది. కంచంలో మొన్నటి బెండకాయ వేపుడు, నల్లబడిపోయి తీగలు తీగలుగా ఉంది, దాని పక్కన రాత్రి పప్పు. గట్టు మీద చూస్తే పొద్దున్న ఆవిడే వండిన గుత్తివంకాయ కూర మూతపెట్టి ఉంది, ఇంకా ఎవరూ గరిటె కూడా పెట్టలేదు. అదేంటమ్మా వంకాయ వేసుకోలేదేంటి అన్నాను. "మీరంతా తిన్నాక చూద్దాంలే, ముందు ఇది అవగొట్టేస్తే గిన్నె ఖాళీ అవుతుంది" అంది. అవగొట్టెయ్యడం. నాకు ఊహ తెలిసినప్పట్నించీ వింటున్న మాట ఇది. మండపేట దగ్గర మా ఊళ్ళో, పెంకుటింట్లో, పొయ్యి పక్కన పీట మీద కూర్చుని మా నానమ్మ కూడా అవగొట్టేది. నాకు అందులో ఎప్పుడూ ఏమీ వినపడలేదు, ఇదిగో నలభై ఆరేళ్ళొచ్చాక వినపడింది.

ఆ రాత్రి పడుకునేముందు ఊరికే ఇంట్లో ఎవరేం తిన్నారో లెక్క వేసుకున్నాను. అమ్మాయి స్కూల్ బాక్సులోకి పొద్దున్నే వేడివేడిగా చేసింది. నాకు మధ్యాహ్నం వేడి అన్నం, వేడి కూర. మా ఆవిడ ఆఫీసుకి పట్టుకెళ్ళే బాక్సులో ఏముంటుంది? పదహారేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆ మూత తీసి చూడలేదు నేను, నిజంగా. అడిగితే నవ్వింది. "రాత్రిది ఏముంటే అదే పెట్టుకపోత, పొద్దుగాల మీ ఇద్దరికి చేసేసరికే టైమైతది" అంది. వాళ్ళది హనుమకొండ, విసుగొస్తే ఆ యాస ఇంకాస్త చిక్కబడుతుంది, ఆ రోజు బాగా చిక్కగా ఉంది.

కాబట్టి నా గొడవ ఇది. మనం మిగిలినవి పారెయ్యం, మా ఇంట్లో మెతుకు వృథా కాదు అని గొప్పగా చెప్పుకునే ఇళ్ళల్లో చాలావాటిల్లో ఆ వృథా కాకపోవడం ఒక్క మనిషి కంచంలో జరుగుతోంది, ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. మిగతావాళ్ళం పుణ్యం పంచుకుంటాం, నిన్నటి బెండకాయ మాత్రం పంచుకోం. మిగిలినది తినడం మంచిదే అయితే అందరికీ మంచిదే కదా, మరి అది టేబుల్ మీదకి ఎందుకు రాదు? రాదు ఎందుకంటే మన దృష్టిలో అది వంట కాదు, ఒక పని, గిన్నె తోమడం లాంటి పని. దానికి ఒక పేరు పెట్టి, పోపు పెట్టి, అందరి కంచాల్లోకీ వడ్డిస్తే తప్ప అమ్మ నిలబడి తినడం ఆగదు అని నాకు అనిపించింది.

పారెయ్యకూడదు అనే వాదన గురించి కూడా ఒక మాట. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం వాళ్ళు 2024లో ఒక రిపోర్టు ఇచ్చారు, దాని ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద వృథా అయిన తిండి, తొక్కలూ ఎముకలూ లాంటివి కూడా కలిపి, దాదాపు 105 కోట్ల టన్నులు, అందులో సుమారు 60 శాతం మామూలు ఇళ్ళల్లోంచే. పెళ్ళిళ్ళవాళ్ళనీ హోటళ్ళవాళ్ళనీ తిట్టుకుంటాం గానీ ఎక్కువ భాగం మనదేనన్నమాట. ఈ లెక్క నేను చదివి కూడా ఏడాది దాటింది, చదివిన రోజు అయ్యో అనుకున్నాను, ఆ సాయంత్రం యథాప్రకారం బిర్యానీ తెప్పించుకున్నాను. కోట్ల టన్నులు నన్ను కదిలించలేదు, గట్టు పక్కన నిలబడ్డ అమ్మ కదిలించింది, అది నా సంకుచితత్వమే కావచ్చు, కానీ ఏ లెక్కకి మనిషి లేస్తాడో ఆ లెక్కే పనికొస్తుంది.

నిజానికి మన భాషలో ఈ విషయానికి ఉన్నన్ని మాటలు చూస్తే ఒకప్పుడు దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకున్నారో తెలుస్తుంది. ఎంగిలి వేరు, మిగులు వేరు, చద్ది వేరు, పాచిపోయింది వేరు. ఒకరి కంచంలో మిగిలింది ఎంగిలి, గిన్నెలో మిగిలింది ఎంగిలి కాదు, ఈ తేడా ఇప్పటి పిల్లలకి తెలీదు, మా అమ్మాయి రెండింటినీ కలిపి "లెఫ్టోవర్స్" అంటుంది, ఛీ అన్నట్టు మొహం పెడుతుంది. ఇక చద్ది అనేది అసలు మిగిలిపోయిన పదార్థమే కాదు అని నా వాదన. రాత్రి భోజనాలయ్యాక మిగిలిన అన్నంలో నీళ్ళో పల్చటి మజ్జిగో పోసి పక్కన పెట్టారంటే రేపు పొద్దున్న ఇది చద్దన్నం అవ్వాలి అని ఎవరో నిర్ణయించారు, దానికి ఉల్లిపాయ, ఆవకాయ ముక్క రెడీగా ఉన్నాయి. మా నానమ్మైతే అన్నం వార్చిన గంజి కుండలో పోసి పులియబెట్టి తరవాణి పెట్టేది, ఆ కుండ జోలికి పిల్లల్ని రానిచ్చేది కాదు. పొలం వెళ్ళేవాళ్ళకి అదే టిఫిను. పెద్దల మాట చద్దిమూట అని సామెత పుట్టిందంటే ఆ మూటకి ఎంత మర్యాద ఉండి ఉండాలి, పెద్దల మాట బెండకాయ డబ్బా అని ఎవరైనా అంటారా చెప్పండి.

మా ఆవిడ వైపు ఇంకా బాగుంది. వాళ్ళ పండగకే ఆ పేరుంది, తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ. పెరుగు సద్ది, పులిహోర సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది అని రకరకాల అన్నాలు చేసి తీసుకెళ్ళి, బతుకమ్మని నీళ్ళల్లో వదిలాక అక్కడే అందరూ పంచుకుని తింటారు. అవి ఆ రోజే వండినవి, నిన్నటివి కావు, నాకు తెలుసు, కానీ పేరు చూడండి, సద్ది. మూటగట్టుకుని వెళ్ళి పదిమందీ కూర్చుని పంచుకునే తిండికి పెట్టిన పేరు అది. పంచుకోవడం ఆ మాటలోనే ఉంది, ఫ్రిజ్ వచ్చాక ఎక్కడో జారిపోయింది.

ఫ్రిజ్ మీద నాకేం కోపం లేదు, కానీ అది ఒక పని చేసింది. ఫ్రిజ్ లేనప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఏదో ఒకటి తేల్చాల్సి వచ్చేది, పక్కింటివాళ్ళకి ఇవ్వడమో, నీళ్ళు పొయ్యడమో, గేదె కుడితిలో కలపడమో, పొద్దున్న తాలింపన్నం అనుకోవడమో. ఇప్పుడు తేల్చక్కర్లేదు, డబ్బాలో వేసి లోపల తోస్తే చాలు. అలా రోజుకొక్క డబ్బా చొప్పున మనం తేల్చకుండా వదిలేసినవన్నీ శుక్రవారానికి ఒకరి నెత్తిన పడతాయి. ఎవరి నెత్తినో మళ్ళీ చెప్పక్కర్లేదు.

దీనికి మా పెదనాన్నగారి అభ్యంతరం ఒకటుంది, ఆయన భగవద్గీత 17వ అధ్యాయం తీస్తారు. వండి ఒక జాము గడిచిపోయిన తిండి, నిలవున్న తిండి తామసులకి ఇష్టమైనదని అందులో ఉంది, నిజమే. కానీ జాము అంటే మూడు గంటలు. పెదనాన్నగారు ముప్ఫై ఏళ్ళు కలెక్టరాఫీసులో ఉద్యోగం చేశారు, పొద్దున్న ఏడింటికి పెద్దమ్మ సర్దిన క్యారేజీ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి విప్పేవారు. ఆ లెక్కన చూస్తే సర్వీసంతా తామసమే. ఇది ఆయన ముందు అనే ధైర్యం నాకు లేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

సరే, ఇంతవరకూ చదివి మిగిలిందల్లా తినేయమంటున్నాడు వీడు అనుకోకండి. సరిగ్గా దీనికి వ్యతిరేకంగా కూడా మాట్లాడాలి, ఎందుకంటే పారెయ్యడానికి మనసొప్పక తినేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. పాతికేళ్ళ కింద అమీర్‌పేటలో నలుగురం రూమ్ తీసుకుని ఉండేవాళ్ళం, కోర్సులు చేస్తూ. మే నెల. మధ్యాహ్నం వండిన అన్నం కుక్కర్‌లోనే మూతపెట్టి వదిలేసి బయటికెళ్ళాం, రాత్రి పదింటికి వచ్చి చూస్తే అన్నం బాగానే ఉంది, వాసన లేదు, జిగురు లేదు, దాన్ని ఉల్లిపాయలూ గుడ్లూ వేసి బ్రహ్మాండంగా వేయించుకుని తిన్నాం. నేనే వండాను. అర్ధరాత్రి దాటేసరికి నలుగురికీ వాంతులు, ఉన్నది ఒక్కటే బాత్రూమ్, ఇక మీరే ఊహించుకోండి. చాలా ఏళ్ళ తర్వాత చదివితే ఇలాంటిది ఎలా జరుగుతుందో అర్థమైంది. బాసిల్లస్ సెరియస్ అని ఒక బాక్టీరియా ఉంటుంది, బియ్యంలో దాని బీజాలు ఉంటాయి, అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే మొలకెత్తి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు, తిన్న ఆరు గంటల్లోపే వాంతులు పట్టుకుంటాయి. అంటే "బాగా కాచేస్తే ఏం కాదు" అనే మన నమ్మకం అన్నం దగ్గర పనిచెయ్యదు, "వాసన చూడు, బాగానే ఉంది" అనేది కూడా పనిచెయ్యదు.

మరి చద్దన్నం తిని తరాలు ఎలా బతికాయి అంటే, ఊరికే వదిలేసిన అన్నానికీ నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నానికీ తేడా ఉంది. పులిసేకొద్దీ పులుపు పెరుగుతుంది, పులుపు పెరిగేకొద్దీ ఇలాంటివి పెరగడం కష్టమవుతుంది. ప్రయాణాలకి పులిహోర కట్టుకెళ్ళడం వెనకా ఆ చింతపండు పులుపు సాయం ఉంది. అలాగని మే నెల ఫ్లాట్‌లో ఏది పడితే అది బయట పెట్టి మా తాతలు తిన్నారు అంటే కుదరదు. నేనైతే ఇప్పుడు ఒకటే పాటిస్తున్నాను, అన్నం మిగులుతుందని తెలియగానే, రెండు గంటలు దాటకుండా, లోతు గిన్నెలో కాకుండా వెడల్పు డబ్బాలో పల్చగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టడం. పల్చగా ఉంటే త్వరగా చల్లబడుతుంది. కుక్కర్‌లో ముద్దగా వదిలేస్తే నడిమధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, ఆ బాక్టీరియాకి కావలసింది అదే.

ఇక గురువారం రాత్రికి వద్దాం. ఫ్రిజ్ తెరిచి డబ్బాలన్నీ గట్టు మీద పేర్చాను. నిన్న రాత్రి అన్నం ఇద్దరికి సరిపడా, దోసకాయ పప్పు అర డబ్బా, ఇడ్లీలు నాలుగు, మూడో రోజు దోసెల పిండి పొంగి మూతని తోసేసి ఉంది, పుల్ల పెరుగు ఒక గిన్నె, గుత్తివంకాయలు రెండు, కొబ్బరి పచ్చడి రెండు చెంచాలు, ఇవి కాక ఎవరు ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తులేని చిన్న స్టీలు డబ్బా ఒకటి. ముందు పారెయ్యడంతో మొదలుపెట్టాను. కొబ్బరి పచ్చడి త్వరగా పాడవుతుంది, అది చెత్తబుట్టలోకి. స్టీలు డబ్బా దగ్గర అమ్మ "మూత తీసి వాసనైనా చూడరా" అంది, ఎప్పటిదో ఎవరికీ తెలీనప్పుడు వాసన చూసి ఏం లాభం అన్నాను, చూడకుండానే చెత్తకవర్లో బోర్లించాను. అమ్మ మొహం అటు తిప్పుకుంది. ఆవిడకి అది చాలా కష్టమైన క్షణం, నాకు తెలుసు, కరువు చూసిన తల్లి పెంచిన మనిషి.

పప్పుని పప్పుచారు చేద్దామని మొదలుపెట్టాను. చింతపండు పులుసు, నీళ్ళు, చారు పొడి అన్నీ పడ్డాయి, మరుగుతోంది, పక్క స్టవ్ మీద పోపు పెట్టాను, అప్పుడే ఫోన్ మోగింది, ఆఫీసు నంబరు. ఎత్తలేదు, ఊరికే ఎవరా అని చూశానంతే, ఆ చూసిన పావు నిమిషంలో మెంతులు నల్లబడిపోయాయి. అదే మొదట్లో చెప్పిన వాసన. ఇక్కడ నాకు పాత బుద్ధి పుట్టింది, పర్లేదులే వేసేద్దాం చారులో కలిసిపోతుంది అని. అమ్మ వెనకనుంచే గిన్నె లాక్కుంది. మాడిన మెంతుల చేదు దేనిలోనూ కలిసిపోదు, రెండు చెంచాల నూనె కోసం చూసుకుంటే గిన్నెడు చారు పోతుంది. ఆ పోపు పారబోసి గిన్నె తుడిచి మళ్ళీ పెట్టాను, ఈసారి ఫోన్ అమ్మాయి చేతికిచ్చి.

తర్వాత ఉప్పు. చారు అనగానే చెయ్యి అలవాటుగా ఉప్పు డబ్బాలోకి పోయింది, గిన్నెకి తగ్గట్టు వేశాను, రుచి చూస్తే నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు కషాయం. ఎందుకంటే పప్పులో ముందే ఉప్పు పడింది, ఆ సంగతి మర్చిపోయాను. కొత్త వంటకీ దీనికీ ఇదే పెద్ద తేడా, మిగిలిన ప్రతి డబ్బాలోనూ ఉప్పూ కారం నూనె అన్నీ ఆల్రెడీ ఉన్నాయి, అందుకని వీటితో చేసేటప్పుడు ఉప్పు అన్నిటికంటే చివర, అదీ నాలిక మీద వేసుకుని చూశాకే. అమ్మాయి ఫోన్లో చూసి బంగాళాదుంప వెయ్యి నాన్నా, ఉప్పు లాగేస్తుందంట అంది. ఇది అందరూ చెప్తారు, నేను కూడా చాలా ఏళ్ళు నమ్మాను. దుంప ఉప్పుని ఏరుకుని పీల్చదు, ఉప్పునీళ్ళు పీలుస్తుంది, మిగిలిన చారు అంతే ఉప్పగా ఉంటుంది. దుంప తిన్నవాడికి ఉప్పు దుంప వస్తుంది, అంతే. "పడిన ఉప్పుని తియ్యలేంరా, చారుని పెంచాలి" అని అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. ఫ్రిజ్ కింద అరలో అర ముక్క ఆనపకాయ దొరికింది, అవును, కూరలు తరిగేది లేదు అన్నాను, ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. ఆ ముక్కలు ఉప్పు లేకుండా విడిగా ఉడికించి నీళ్ళతో సహా చారులో పోసి, ఇంకాస్త చింతపండు, చిటికెడు బెల్లం వేశాం. నలుగురి చారు ఎనిమిదిమంది చారు అయ్యింది గానీ తాగేలా ఉంది. కారం ఎక్కువైతే మాత్రం ఈ నీళ్ళ మంత్రం పనిచెయ్యదు, కారం నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, అందుకే నెయ్యో పెరుగో కావాలి, ఆంధ్రా భోజనంలో ఆ రెండూ ఊరికే రాలేదు.

అన్నం సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అదొక్కటీ ఏ గొడవా లేకుండా అయ్యింది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నంలో పిండిపదార్థం గట్టిపడుతుంది, అందుకే ఊరికే తింటే ఎండిపోయినట్టుంటుంది, కానీ పులిహోరకి అదే కావాలి, మెతుకు మెతుకు విడివిడిగా వస్తుంది. చేత్తో పొడిపొడిగా చిదిపి వేరుశెనగపప్పులు, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు పోపు పెట్టి, బాగా వేడెక్కాక స్టవ్ కట్టేసి నిమ్మరసం కలిపాను. స్టవ్ మీదుండగా నిమ్మకాయ పిండితే చేదొస్తుంది. రెండు గుత్తివంకాయలూ చిదిపి, అమ్మ అనుమానంగా చూస్తుండగా, పుల్ల పెరుగులో కలిపి పోపు పెట్టాను, పెరుగుపచ్చడి అని పేరు పెట్టాను. లోపలి నువ్వుల మసాలా పెరుగుతో కలిసి చాలా బాగా వచ్చింది, ఇది నా గొప్ప కాదు, నిన్నటి అమ్మ గొప్ప.

పునుగుల దగ్గర మళ్ళీ పడ్డాను. పుల్లటి పిండి అంటే పునుగులే కదా, ఉల్లిపాయ, జీలకర్ర, పచ్చిమిర్చి వేసి నూనె పెట్టి వెయ్యడం మొదలుపెట్టాను. దోసెల పిండి జారుగా ఉంటుందన్న ఇంగితం ఉండాలి. నూనెలో పడగానే ఒక్కోదానికీ పొడుగ్గా తోక వచ్చింది, తోకచుక్కల్లా ఈదుతున్నాయి, తీసి చూస్తే ఒత్తితే నూనె కారుతోంది. పిండిలో బొంబాయి రవ్వ, గుప్పెడు బియ్యప్పిండి కలిపి పదినిమిషాలు పక్కన పెట్టాలంది అమ్మ. పక్కన పెట్టాను, నూనె కింద మంట తగ్గించడం మర్చిపోయాను. ఆ పదినిమిషాల్లో నూనె నుంచి పొగ లేచింది, సన్నగా మొదలై ఒక్కసారిగా దట్టంగా. మా అమ్మాయి పాపం సాయం చేద్దామని గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చింది. అమ్మ అరిచిన అరుపుకి ఎదురు ఫ్లాట్ తలుపు తెరుచుకుంది. మరిగే నూనెలో నీళ్ళు పడితే అడుక్కి దిగి క్షణంలో ఆవిరవుతాయి, ఆవిరైతే నీరు సుమారు 1,700 రెట్లు ఉబ్బుతుంది, ఆ ఉబ్బు నూనెనంతా ఎత్తి మన మొహాన కొడుతుంది. చెయ్యాల్సింది గ్యాస్ కట్టెయ్యడం, గిన్నె కదపకుండా మూత పెట్టడం, అంతే. అలాగే చేశాం, మంట అంటుకోలేదు, పొగతోనే పోయింది. పారబోయాల్సి వచ్చిన ఆ నూనె ఖరీదుకి నాలుగు ప్లేట్ల పునుగులు బయట కొనుక్కోవచ్చు, ఇది పొదుపు వ్యాసం కాదు మరి. పిల్లకి వంట నేర్పే ముందు ఈ మూత సంగతి నేర్పాలని నాకు పదిహేనేళ్ళు తట్టలేదు, ఆడపిల్లకి వంట ఎందుకు నేర్పాలి అనే గొప్ప వాదనలో ఉండిపోయాను.

ఇంత హడావుడి మధ్యలో అదే అమ్మాయి ఎవర్నీ అడక్కుండా నాలుగు ఇడ్లీలూ ముక్కలు కోసి, పెనం మీద నెయ్యి, కరివేపాకు, కారప్పొడి వేసి ఎర్రగా వేయించి పక్కన పెట్టింది. చల్లటి ఇడ్లీ కాబట్టి ముక్కలు చక్కగా నిలిచాయి, వేడి ఇడ్లీ అయితే చిదురైపోతుంది. ఆ రాత్రి టేబుల్ మీద నిజంగా వంట అనిపించుకున్నది అదొక్కటే.

మా ఆవిడ తొమ్మిదింపావుకి వచ్చింది. గుమ్మంలోనే ఆగి "ఇల్లంత ఏందీ పొగ, ఏం కాలబెట్టిన్రు" అంది. కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి నేను టేబుల్ మీద నాలుగు కంచాలు పెట్టి నిమ్మకాయ పులిహోర, ఆనపకాయ పప్పుచారు, వంకాయ పెరుగుపచ్చడి, కారప్పొడి ఇడ్లీ, రెండో విడత పునుగులు అని పెళ్ళిలో చెప్పినట్టు చెప్పాను. తోకల పునుగులు నా కంచంలో వేసుకున్నాను, వండినవాడి తప్పు వండినవాడే తినాలి, ఇది మాత్రం న్యాయమే అనుకుంటున్నాను. మా ఆవిడ చారు కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక "ఇది మొన్నటి దోసకాయ పప్పు కదా, రేపు నా డబ్బలకు పోవాల్సింది" అంది. అవునన్నాను. ఏమీ అనలేదు, ఇంకో గరిటె పోసుకుంది.

అమ్మని కూర్చోబెట్టడం అన్నిటికంటే కష్టమైంది. "మీరు కానివ్వండి, నేను వడ్డిస్తా" అని నిలబడే ఉంది. అత్తమ్మా మీరు కూసుంటేనే నేను తింట అని మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెడితే కుర్చీ అంచు మీద, లేవడానికి రెడీగా ఉన్నట్టు కూర్చుని తింది. ఒక పూటకి ఏదో మారిపోయిందని నేను అనను. ఈ రాసే రోజు పొద్దున్న కూడా అమ్మ నిన్నటి టమాటా పచ్చడి గిన్నె తుడుచుకుని తింటుంటే చూశాను, నన్ను చూసి గిన్నె పక్కకి జరిపింది, అదొక్కటే కొత్త.

ఆ రాత్రి అన్నీ అయిపోయాయి గానీ చారు మాత్రం గిన్నె అడుగున రెండు గరిటెలు మిగిలింది, ఎనిమిదిమంది చారు కదా మరి. మేం లేస్తుంటే అమ్మ గిన్నె దగ్గరకి లాక్కుని, కంచంలో చారెడు అన్నం వేసుకోబోయింది, ఎంతలే, అవగొట్టేస్తా అంటూ. మా అమ్మాయి గిన్నె లాక్కుంది. నాలుగు గ్లాసులు తెచ్చి కొలిచినట్టు నలుగురికీ పోసింది. తలా రెండు గుక్కలొచ్చాయి. ఉప్పు ఇంకా కొంచెం ఎక్కువే.